దేవగన్నేరు పంగలు లెక్కపెట్టి కత్తెర వేయండి

మాఘమాసం వచ్చేసరికి దేవగన్నేరు మీద ఆకన్నది మిగలదు. బూడిదరంగు మొద్దు కొమ్మలు దుప్పికొమ్ముల్లా నిలబడి ఉంటాయి. మొదటిసారి పెంచేవాళ్లు చెట్టు చచ్చిపోతోందేమోనని కంగారుపడి రోజూ బకెట్టెడు నీళ్లు పోస్తారు. చెట్టుకు అసలు గండం అక్కడే మొదలవుతుంది. ఆకుల్లేని చెట్టు నీళ్లు పెద్దగా తాగదు, తడి ఆరని పాదులో వేళ్లు కుళ్లిపోతాయి. ఆ రోజుల్లో బకెట్టు పక్కన పెట్టి కత్తెర తీయాలి.

దేవగన్నేరు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. ఏటా కొన్ని నెలలు వాన మొహం చూడని నేలల్లో, ఆకులు రాల్చేసి కొమ్మల్లో దాచుకున్న నీటితో బతకడం నేర్చిన చెట్టు. ప్లూమేరియా అనే శాస్త్రీయనామం 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి, వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లూమియే పేరిట వచ్చింది. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు దీనికి దాయాదులు. ఇందులో రెండు రకాలు కనిపిస్తాయి. ఆకు కొస మొనదేలి ఉంటే అది రుబ్రా, చలికాలంలో పూర్తిగా మోడయ్యేది అదే. ఆకు కొస గుండ్రంగా ఉంటే ఒబ్ట్యూసా, నీళ్లందితే దాదాపు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా రుబ్రా గురించి.

మందారంలో పువ్వు ఆకు మొదట్లో పూస్తుంది, కొమ్మ తన మానాన ముందుకు సాగుతూనే ఉంటుంది. దేవగన్నేరులో పూలగుత్తి సరిగ్గా కొమ్మ కొసనే పుడుతుంది. గుత్తి వచ్చిందంటే ఆ కొమ్మ పొడుగు అక్కడితో సరి. దాని కింద నిద్రపోతున్న మొగ్గల్లో రెండో మూడో లేచి పంగగా చీలతాయి. ఆ చీలికలు ఆకులేసి, ముదిరి, వాటి కొసల్లో పూసి, మళ్లీ చీలతాయి. అంటే చెట్టు మీద ఉన్న ప్రతి పంగా ఒకప్పుడు పూసిన చోటు, లేదా కొస విరిగిన చోటు. మొదటి పంగ నుంచి పైదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. పంగకూ పంగకూ మధ్య జానెడు దూరమే ఉంటే ఆ కొమ్మకు ఎండ బాగా అందినట్టు. మూరెడు సాగి ఉంటే చాలావరకు గోడ నీడలో వెలుగు కోసం పాకులాడినట్టు. అలాంటి కొమ్మను కత్తిరించినా తిరిగి అలాగే సాగుతుంది. అక్కడ తీయాల్సింది నీడ పరిచే పక్క చెట్టు కొమ్మను.

పువ్వు చేసిన పనే కత్తెరా చేస్తుంది. పెరిగే కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, ఆకు రాలిన మచ్చల పైనుండే మొగ్గల్ని లేవకుండా ఆపుతుంది. కొస పోతే ఆ అదుపు పోతుంది, కోతకు దగ్గరున్న మొగ్గలు రెండు నుంచి నాలుగు దాకా లేస్తాయి. తేడా ఒక్కటే. పూసి చీలితే మనకు పువ్వు దక్కుతుంది, కోసి చీలిస్తే దక్కదు. కొత్త చిగుళ్లు ముదిరేదాకా పూయవు కాబట్టి ఆ కొమ్మకు ఆ ఏడు పూత చాలావరకు పోయినట్టే, ఒక్కోసారి మరుసటి ఏడూ పోతుంది. డాబా ఎత్తు దాటిందని చెట్టంతా ఒకేసారి గుండు కొట్టిస్తే మిగిలేది ఆకుల గొడుగు. పైగా ముదురు కొమ్మను మొద్దుగా నరికిన చోట నలుగైదు చిగుళ్లు గుంపుగా లేచి, అతుకు సరిగ్గా కుదరక పెద్దగాలికి చీలిపడతాయి. ఎత్తు తగ్గించాలంటే మూడేళ్ల పథకం వేసుకోండి. ఏడాదికి మూడో వంతు కొమ్మలు, అంతకు మించి వద్దు.

అదను ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా. అప్పటికి చలి తగ్గుతుంది, కొసల్లో గోరంత పచ్చటి మొన కనిపించడం మొదలవుతుంది. నాలుగు వారాల లోపే చిగురు, గాయం చుట్టూ కొత్త బెరడు వస్తాయి. డిసెంబరులో కోస్తే ఆ గాయం రెండు నెలలు అలాగే తెరుచుకుని ఉంటుంది. వానాకాలంలో కోయడం మరీ ప్రమాదం. ఈ కొమ్మ నడిమి భాగం చెక్కలా గట్టిగా ఉండదు, మెత్తటి బెండు. కోతలోంచి దిగిన నీరు, బూజు ఆ బెండు వెంట కిందికి జారిపోతాయి. విరిగిన కొమ్మకూ కుళ్లిన కొమ్మకూ మాత్రం ముహూర్తం చూడనక్కర్లేదు. ఈ లెక్కను రేల చెట్టుకు వాడకండి. అది వేసవిలో ముదురు కొమ్మల మీద పూస్తుంది, ఫిబ్రవరిలో కోస్తే ఆ ఏటి పూతనే కోసినట్టు. దాన్ని పూత అయ్యాకే ముట్టుకోవాలి.

ఇక పాలు. తెగిన చోటల్లా తెల్లగా కారే ఈ పాలు చర్మానికి మంట, దద్దుర్లు తెస్తాయి. కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చేతొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. కోసే కొమ్మ కింద నిలబడి పైకి చూడకండి. పాలు జిగురుగా ఆరాక నీళ్లకు వదలవు. ముందే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే సబ్బుతో పోతాయి, కత్తెరకు అంటినవి కిరోసిన్ గుడ్డతో తుడవాలి. బట్టల మీద మరక మాత్రం ఉండిపోతుంది, పాతవి కట్టుకోండి.

కత్తెర రెండు అంచులూ ఒకదాని పక్కగా ఒకటి జారేదై ఉండాలి. ఒక బ్లేడు చదును పట్టీ మీద నొక్కే రకం ఈ మెత్తటి కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్లు పడుతుంది. రెండు సెంటీమీటర్లు దాటిన కొమ్మకు సన్నపళ్ల రంపమే మేలు. చెట్టు మార్చినప్పుడల్లా సర్జికల్ స్పిరిట్‌తో బ్లేడు తుడవాలి.

ముందు ఎండు కొమ్మలు తీయండి. ఏది ఎండిందో చూపుకు తెలియదు, చలికాలంలో అన్నీ ఎండినట్టే ఉంటాయి. బొటనవేలితో నొక్కితే బతికున్నది గట్టిగా ఉంటుంది, చచ్చినది ముడతలు పడి లోపలికి దిగుతుంది. గోటితో గీస్తే బెరడు కింద పచ్చగా కనపడాలి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునేవి, చెట్టు లోపలికి తిరిగినవి, నేలకు వాలినవి. ఎత్తు గురించి ఆలోచించడం ఆ తర్వాతే. కరెంటు తీగల దగ్గరున్న వాటిని ముట్టుకోకుండా లైన్‌మన్‌ను పిలిపించండి.

కొసను పొట్టి చేసేటప్పుడు నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. కోసిన ముఖాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. బెరడు వలయం వెంట పాలచుక్కలు పూసల్లా ఊరుతుంటే, మధ్యలో బెండు మచ్చ లేకుండా మీగడ రంగులో ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు. నడుమ గోధుమరంగు చుక్క ఉన్నా, పాలు ఊరకపోయినా కుళ్లు ఇంకా కిందికి దిగి ఉందని అర్థం. బ్లేడు తుడిచి ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి కోయండి, మచ్చ పోయేదాకా అంతే. ఆ చుక్కను చూసీ వదిలేస్తే వానలు పడేనాటికి కొమ్మ నల్లబడి వేలాడుతుంది.

కొమ్మను మొదలంటా తీసేటప్పుడు అది మానును కలిసేచోట కొద్దిగా ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు బయటగా పడాలి, ఉబ్బును చెక్కకూడదు, మోడూ వదలకూడదు. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త ఆలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి చూసి తేల్చిన సంగతి ఇది: చెట్టు కుళ్లిన భాగాన్ని బాగుచేసుకోదు, దాని చుట్టూ లోపల గోడలు కట్టి వెలివేస్తుంది. ఆ గోడ గట్టిగా కట్టగలిగే చోటు ఆ ఉబ్బే. నీటితో బరువెక్కిన పెద్ద కొమ్మను ఒక్క కోతతో తీస్తే బెరడు మాను దాకా చీలుకుపోతుంది. ముందు మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కోయండి. దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోసి బరువు దించండి. మిగిలిన మొద్దును చేత్తో పట్టుకుని ఉబ్బు దగ్గర మూడో కోత వేయండి.

గాయాలకు పెయింటు, పేడ పూసే అలవాటు ఎంత పాతదైనా మేలు చేయదు. పొడిగా ఉన్న మాఘంలో ఆరిన పాలే మూత. వానల్లో తప్పక కోయాల్సి వస్తే బూజును అడ్డుకునే బోర్డో పేస్టు పూయవచ్చు. 20 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 మిల్లీలీటర్ల నీళ్లలో, 20 గ్రాముల కాల్చిన సున్నం ఇంకో 100లో విడిగా కలిపి, రెండూ ప్లాస్టిక్ డబ్బాలో పోసి కలియబెట్టాలి. మెరిసే చాకును ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రటి రాగిపూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట. ఆ పేస్టును ఆ రోజే వాడేయాలి.

చిగురు కనపడేదాకా పాదు పొడిగా ఉంచండి. ఆకులు విచ్చుకున్నాక నీళ్లు మొదలుపెట్టి, మాగిన పశువుల ఎరువు ఐదారు కిలోలు పాదు చుట్టూ వేస్తే పెద్ద చెట్టుకు సరిపోతుంది. యూరియా వేస్తే ఆకులే ఆకులు. ఒక్కో కోత దగ్గర నాలుగైదు చిగుళ్లు లేస్తే బయటి వైపు చూసే రెండు మూడింటిని ఉంచి మిగతావి వేలెడు పొడవున్నప్పుడే తుంచేయండి. రాలిన పాత ఆకుల అడుగున నారింజరంగు పొడి ఉంటే అది తుప్పు తెగులు. ఆ ఆకులు ఊడ్చి పాతిపెట్టాలి, ఎరువు గుంతలో వేయకూడదు.

కోసిన ముక్కల్లో మూరెడు పొడవున్నవి పారేయకండి. పది రోజులు నీడలో ఆరబెడితే కోసిన ముఖం గట్టిపడుతుంది. పచ్చిగా నాటితే కుళ్లేవే ఎక్కువ. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు మట్టి కలిపిన కుండీలో నాలుగు అంగుళాల లోతున నిలబెట్టి, ఒకసారి తడిపి, ఆకులొచ్చేదాకా అరకొరగానే నీళ్లు చల్లాలి. వేరు పట్టడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఈలోగా కొన్ని ముక్కలు ఆకుకంటే ముందే కొసన పూలగుత్తి తొడుగుతాయి. ముచ్చటపడి ఉంచకండి, అది తాగేది వేరుకు దక్కాల్సిన నీటినే. గుత్తిని మొదట్లోనే తుంచేస్తే ఆ ముక్క బతుకుతుంది, తుంచిన చోటి కింద మీ కొత్త మొక్క మొదటి పంగ వేస్తుంది.