బడి ఆటలు, సర్టిఫికెట్లు: అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం సెలవుల్లో, సరిగ్గా తునికాకు (బీడీ ఆకు) డబ్బులు చేతికొచ్చే వేళకు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో తెలుగువాళ్లుండే మా సిరొంచ వైపు ఊళ్లలో వాట్సాప్ మెసేజ్‌లు తిరగడం మొదలవుతుంది. ‘నేషనల్ ఛాంపియన్‌షిప్. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, భోజనం అన్నీ కలిపి ఇంత. మెడల్ వస్తే సర్కారీ నౌకరీ.’ వాటిని పట్టుకుని తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. డబ్బు కట్టకముందు వచ్చేవాళ్లు తక్కువ, కట్టాక వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ తాలూకాలో పీటీ సారుగా పిల్లల్ని ఆడిస్తున్నవాణ్ని కాబట్టి ముందు దీని సంగతి తేల్చి మిగతావాటికి వస్తాను.

అపోహ: సర్టిఫికెట్ మీద ‘నేషనల్’ అని ఉంటే స్పోర్ట్స్ కోటా వస్తుంది.

రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో బడి ఆటలు లెక్కలోకి రావాలంటే, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జరిపే జాతీయ పోటీల్లో రాష్ట్ర జట్టు తరఫున ఆడి ఉండాలి. దానికి ఫారం-4 అనే సర్టిఫికెట్ నమూనా ఉంటుంది. రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరేట్‌లో బడి ఆటల బాధ్యత చూసే అధికారి దాని మీద సంతకం చేయాలి, ఏదో క్లబ్బు ప్రెసిడెంట్ కాదు. మహారాష్ట్ర సర్కారు కొలువుల్లో 5 శాతం క్రీడా కోటా ఉంది. అక్కడ కూడా క్రీడాశాఖ సర్టిఫికెట్‌ను పరిశీలించి ఓకే అంటేనే చెల్లుతుంది.

అక్కడిదాకా పోయే దారి అందరికీ తెలిసిందే: తాలూకా, జిల్లా, విభాగ్ (కొన్ని జిల్లాలు కలిసిన డివిజన్), రాష్ట్రం, ఆ తర్వాత నేషనల్. అండర్-14, 17, 19 ఏ గ్రూపుకైనా ఇదే వరస. జిల్లా పోటీలకు గడ్చిరోలి పోవాలంటేనే మన పిల్లలు 200 కిలోమీటర్లకు పైగా బస్సులో ఒళ్లు హూనం చేసుకుంటారు. ఆ తర్వాత నాగపూర్ విభాగ్‌లో నెగ్గాలి. ఇవేవీ లేకుండా నేరుగా నేషనల్ ఆడిస్తానన్నవాడు అమ్ముకునేది కాగితం.

పోయిన వేసవిలో ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, మూలన తళతళలాడే హోలోగ్రామ్, అడుగున ‘గవర్నమెంట్ రిజిస్టర్డ్’ అని ఒక నంబరు. అన్నీ అచ్చులోనే ఉన్నాయి, పిల్లవాడి పేరూ ఆట పేరూ మాత్రం నీలం పెన్నుతో నింపారు. ‘నీ గ్రూపులో ఎంతమంది ఆడిండ్రురా?’ అని అడిగాను. వాడు తండ్రి వైపు చూసి, తల వంచుకుని, ‘ఇద్దరమే సార్. ఇద్దరికీ మెడల్ ఇచ్చిండ్రు’ అన్నాడు.

ఆ రిజిస్ట్రేషన్ నంబరు సంగతి కూడా చెప్పాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. భజన మండలికైనా అలాంటి నంబరే వస్తుంది. అది క్రీడా గుర్తింపు కాదు. ఆట ప్రాక్టీసు కోసం ప్రైవేటు టోర్నీలకు పంపిస్తానంటే నాకేం అభ్యంతరం లేదు, నౌకరీ ఆశతో అప్పు చేసి మాత్రం పంపొద్దు. ఆ తండ్రిని నేనేమీ అనలేదు. ఎర్రటి ఎండలో ఆకు కోసి, కట్టలు కట్టి సంపాదించిన పైసలు పిల్లవాడి మీద పెట్టాడు. ఆయనను ఏమని తిడతాం?

నాకు కోపం వచ్చేది మనం చేసే సన్మానాల మీద. ఆ పిల్లవాడికి ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, శాలువా కప్పారు, డప్పులతో ఊరేగించారు. అదే ఏడాది మా బడి అమ్మాయి విభాగ్ స్థాయి 800 మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చింది. మెడల్ లేదు కాబట్టి ఫ్లెక్సీ కూడా లేదు. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని ఒక్కతే ఇంటికి నడిచిపోయింది. ఆ రెండింటిలో ఏది పెద్ద విజయమో ఆడినవాళ్లకు తెలుసు. శాలువా కొనేముందు ఏ స్థాయి, ఎవరు జరిపారు, ఎంతమంది ఆడారు అని అడిగితే సర్పంచ్ గారి మర్యాదకేం తక్కువ కాదు.

ఇక మిగతా అపోహలు.

‘మనకు మరాఠీ సరిగా రాదు, మనోళ్లను తీసుకోరు.’ ఈ భయం నాకు అర్థమవుతుంది. మైకులో ఏం పిలుస్తున్నారో తెలియక పిల్లలు టెన్షన్ పడతారు. కానీ పరుగులో, జంపుల్లో టైమూ దూరమే చూస్తారు. మైకు పిలుపులు నాలుగు ముందే నేర్పి పంపితే చాలు.

‘అకాడమీలో చేర్పిస్తేనే ఆట.’ బీడ్ జిల్లా పల్లెటూరి రైతు కొడుకు అవినాశ్ సాబ్లే 2022 కామన్వెల్త్ క్రీడల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దాటుతూ తీసే పరుగు)లో రజతం గెలిచాడు. గోదావరి అవతల వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. అకాడమీ తర్వాతి మాట, ముందు పిల్లను గ్రౌండ్‌కు రానివ్వండి.

‘ఆటలాడితే దహావీ (పదో తరగతి) పోతుంది.’ అసలైన పోటీల్లో ఆడినవాళ్లకు దహావీ, బారావీ (పన్నెండో తరగతి)లో అదనపు మార్కులే ఉన్నాయి. దరఖాస్తు హెడ్‌మాస్టర్ ద్వారా జిల్లా క్రీడాధికారికి, అక్కడినుంచి పరీక్షల బోర్డుకు పోతుంది. గడువు దాటకుండా మీరే గుర్తు చేయండి, ఆఫీసు పని కదా.

‘బొమ్మలూ, పాటలూ టైంపాస్.’ ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలో (ఇంటర్ చదువు కాదు, బడి పిల్లల బొమ్మల పరీక్ష) వచ్చిన గ్రేడును బట్టి దహావీలో మార్కులు కలుస్తాయి. శాస్త్రీయ నృత్య సంగీతాలకూ, జానపద కళలకూ కూడా ఉన్నాయి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు 2015 నుంచి కళా ఉత్సవ్ అనే కళల పోటీ జరుగుతోంది. మన డప్పు కళాకారుల పిల్లలు దీనికి ఎందుకు పేరు ఇవ్వరో నాకు అంతుబట్టదు.

చివరగా పేర్ల గొడవ. ఇక్కడి రికార్డుల్లో ఇంటిపేరు, పిల్లల పేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు. మన ఇంటిపేర్లు మరాఠీలోకి ఎక్కేసరికి ఆధార్‌లో ఒక రకంగా, బడి రిజిస్టర్‌లో ఇంకో రకంగా తయారవుతాయి. సర్టిఫికెట్ మీద మూడో రకం పడితే పరిశీలనలో ఆగిపోతుంది. జూన్‌లో బడి తెరవగానే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. దహావీ ఫారం నింపాక సవరణ కోసం తిరగాల్సిన బోర్డు ఆఫీసు నాగపూర్‌లో ఉంది.