డ్యూకు గారి ఇంటికి టికెట్ ఎందుకు?

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో డెర్వెంట్ నది ఒడ్డున ఛాట్స్‌వర్త్ భవనం ఉంది. డెవన్‌షైర్ డ్యూకు అనే వంశపారంపర్య బిరుదున్న కుటుంబానిదే ఆ ఇల్లు, ఇప్పటికీ వారు అక్కడే ఉంటున్నారు. అయినా లోపలికి వెళ్లాలంటే టికెట్ కొనాలి. ఆ టికెట్ వెనుక ఒక చావు ఉంది.

1950 నవంబరు 26న పదో డ్యూకు ఎడ్వర్డ్ కావెండిష్ కట్టెలు కొడుతూ గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 55. వారసత్వ పన్ను పడకుండా ఆయన 1946లోనే ఆస్తిని ట్రస్టుకు రాసేశారు. కానీ రాసిన తర్వాత ఐదేళ్లు బతికి ఉంటేనే ఆ ఏర్పాటు చెల్లుతుంది. గడువుకు నాలుగు నెలలు కూడా మిగల్లేదు. 80 శాతం పన్ను పడింది. పెద్దకొడుకు 1944లోనే యుద్ధంలో చనిపోవడంతో, ఆ భారమంతా రెండో కొడుకు ఆండ్రూ నెత్తిన పడింది. వేల ఎకరాల భూములు అమ్మారు. కుటుంబానికి చెందిన మరో చారిత్రక భవనం హార్డ్‌విక్ హాల్‌ను పన్ను కింద ప్రభుత్వానికి అప్పగించారు. చిత్రకారుడు హోల్బైన్ గీసిన ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చిత్రం లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి చేరింది.

ఆ పన్నును నేను అన్యాయమనలేను. ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ పని చేసిపెట్టిన అధికారుల్లో ఈ డ్యూకుల పూర్వీకుడు విలియం కావెండిష్ ఒకరు. 1549లో 600 పౌన్లకు ఛాట్స్‌వర్త్‌ను కొన్నది ఆయనే. ఆ సంపదలో కొంత నాలుగు వందల ఏళ్లకు ఖజానాకు తిరిగి వచ్చింది.

అలాగని జనం రాక పన్నుతో మొదలుకాలేదు. 1849లో పక్కనున్న రౌస్లీకి రైలు రాగానే ఆ వేసవిలో 80 వేల మంది వచ్చారని చెబుతారు. ఎవరు వచ్చినా తేడా చూడకుండా ఫౌంటెన్లు వదలాలని ఆరో డ్యూకు ఆజ్ఞ. కొండ వాలున మెట్లమెట్లుగా దిగే కాస్కేడ్ దగ్గర కాసేపు నిలబడాలి. మెట్ల కొలతలు ఒక్కలా ఉండవు, అందుకే మెట్టు మెట్టుకూ నీటి చప్పుడు మారుతుంది.

ఆరో డ్యూకు తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ గాజు ఇంట్లో పెంచిన ఒక అరటి మొక్క 1835లో పూత పట్టింది. దానికి కావెండిష్ అని యజమాని ఇంటిపేరే పెట్టారు. నేడు అనంతపురం, కడప రైతులు వేసే జీ-9 అరటి ఆ కావెండిష్ జాతిదే. అక్కడి గాజు ఇంటిని తలుచుకుంటే మన అరటితోట గుర్తుకు రావడం నాకు ఎంతో ఇష్టం.

ఆ తర్వాత పాక్స్‌టన్ కట్టిన గాజు భవనంలోకి గుర్రపు బండి నేరుగా వెళ్లేది. బాయిలర్లలో బొగ్గు మండుతుంటేనే అందులోని ఉష్ణదేశపు మొక్కలకు ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరకక అవి చచ్చిపోయాయి. 1920లో ఆ భవనాన్ని పేల్చేశారు. దాని పునాదుల నడుమ ఇప్పుడు పచ్చటి చెట్ల గోడల పద్మవ్యూహం ఉంది, పిల్లలు దారి వెతుక్కుంటూ పరిగెడుతుంటారు.

ఒక్క కుటుంబం జేబుతో ఇంతటి తోట నిలవదని 1920లోనే తేలిపోయింది. 1950 దెబ్బ తర్వాత మరో దారి లేకపోయింది. ఆండ్రూ భార్య డెబొరా 1977లో ఎస్టేట్ పంటలు, మాంసం అమ్మే దుకాణం తెరిచారు. 1981లో ఇల్లు, తోట, చుట్టూ ఉన్న పార్కు బాగోగులు ఒక ధార్మిక ట్రస్టు చేతికి వెళ్లాయి. సందర్శకుల టికెట్ డబ్బు ఆ ట్రస్టుకే చేరుతుంది.