క్యాన్సర్ మందు ల్యాబ్‌లో గెలిచి, ఒంట్లో ఎందుకు ఓడుతోంది?

ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను తుడిచిపెట్టిన మందు రోగి దగ్గరికొచ్చేసరికి తేలిపోవడం, మొదట లొంగిన కణితే కొన్నాళ్లకు మొండికేయడం వైద్యులకు పాత అనుభవమే. ఇందులో జన్యు మార్పుల పాత్ర కాదనలేనిది. అయితే కణం ఎక్కడ ఉంది, దేన్ని అంటిపెట్టుకుని ఉంది అన్నది కూడా అంతే ముఖ్యమని గుర్తించడానికి చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యానికి ఒక పెద్ద కారణం మనం కణాలను పెంచిన తీరు.

1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి కణితి నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసిన కణాలు ల్యాబ్‌లో ఆగకుండా పెరిగాయి. ఆ తర్వాత దశాబ్దాల పరిశోధన చాలావరకు పాత్ర అడుగున ఒకే పొరగా పరుచుకున్న కణాలపైనే సాగింది. అక్కడ ప్రతి కణానికీ ఆక్సిజన్, మందు ఇంచుమించు సమానంగా అందుతాయి. ఒంట్లోని కణితికి ఆ వెసులుబాటు లేదు.

ఈ సంగతి 1955లోనే తేలింది. బ్రిటన్‌లో థామ్లిన్సన్, గ్రే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను మైక్రోస్కోప్ కింద కొలిచి చూశారు. రక్తం అందే చోటు నుంచి సుమారు 0.18 మిల్లీమీటర్లు దాటితే కణాలు చచ్చిపడి ఉన్నాయి. ఆక్సిజన్ అంతకు మించి చొరబడదు. ఆ సరిహద్దులో ఆక్సిజన్ అందీ అందక బతికే కణాలే రేడియేషన్‌ను తట్టుకుంటాయని వారు వాదించారు.

1970ల మొదట్లో కెనడాలో రాబర్ట్ సదర్లాండ్ బృందం ఈ అమరికను ల్యాబ్‌లోనే సృష్టించింది. పాత్రకు అంటుకోనివ్వకుండా ద్రవంలో తిప్పితే హామ్‌స్టర్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టాయి. ఇవే స్ఫెరాయిడ్లు. పై పొర కణాలు జోరుగా విభజన చెందుతాయి, లోపలివి స్తబ్ధంగా ఉంటాయి. విభజన చెందే కణాలనే ఎక్కువగా దెబ్బతీసే కీమోథెరపీకి ఈ లోపలి కణాలు సులభంగా చిక్కవు. పైగా కొన్ని మందులు అంత లోతుకు చేరనే చేరవు. డాక్సోరూబిసిన్ అనే కీమో మందుకు స్వతహాగా ఎర్రగా వెలిగే గుణం ఉంది కాబట్టి దీన్ని కళ్లారా చూడవచ్చు. మందు వేసిన ఉండను ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడితే అంచు ఎర్రగా మెరుస్తుంది, మధ్యభాగం నల్లగానే ఉంటుంది.

నా దృష్టిలో అసలు మలుపు అమెరికాలోని బర్క్‌లీలో వచ్చింది. 1997లో మినా బిస్సెల్ బృందం జెల్‌లో పెంచిన రొమ్ము క్యాన్సర్ కణాలపై ఉండి, వాటిని చుట్టుపక్కల పదార్థానికి అంటిపెట్టే ఒక ఇంటెగ్రిన్ ప్రోటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంది. జన్యువులను ముట్టుకోలేదు. అయినా అడ్డదిడ్డంగా పెరుగుతున్న కణాలు క్రమమైన గుండ్రటి అమరికలోకి వచ్చాయి! అలా అమరిక కుదిరిన కణాలు మందులను మరింత తట్టుకుంటాయని 2002లో వాలెరీ వీవర్ తదితరులు చూపారు.

2009లో నెదర్లాండ్స్‌లో తోషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ ఎలుక పేగు మూలకణాలతో ఆర్గనాయిడ్లు, అంటే అవయవాన్ని పోలిన చిన్న కణ సముదాయాలు, పెంచారు. తర్వాత రోగుల కణితుల నుంచీ వాటిని పెంచడం మొదలైంది. ముదిరిన జీర్ణకోశ క్యాన్సర్లపై లండన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఆర్గనాయిడ్‌పై పనిచేయని మందు ఆ రోగిపైనా పనిచేయలేదు. కానీ 2019 నాటి డచ్ అధ్యయనంలో ఇరినోటెకాన్ అనే కీమో మందు ఫలితాన్ని ముందే చెప్పగలిగిన ఆర్గనాయిడ్లు, 5-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్), ఆక్సాలిప్లాటిన్ మందుల జోడీ ఫలితాన్ని చెప్పలేకపోయాయి. మామూలు ఆర్గనాయిడ్లలో రక్తనాళాలు, రోగనిరోధక కణాలు ఉండవన్నది మరచిపోకూడదు.

మన దేశం 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి, మనిషి కణాల ఆధారిత పరీక్షలకూ చోటిచ్చింది. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి అనుబంధమైన ఇంక్యుబేషన్ కేంద్రం ఈ రంగంలో పనిచేస్తోంది. ఆర్గనాయిడ్‌ను చూసి రోగికి మందు ఎంచడం మాత్రం ఇంకా సాధారణ చికిత్సలో భాగం కాలేదు. నమూనా పెరగడానికే వారాలు పడుతుంది, కొందరి కణితుల నుంచి అసలు పెరగనే పెరగదు.