డిప్రెషన్, బైపోలార్: ఎప్పుడు విడిపోయాయి, ఎందుకు?

తిరుపతి రుయా ఆసుపత్రికి పీలేరు నుంచో పలమనేరు నుంచో ఒక మనిషిని తీసుకొస్తారు. రెండు వారాలుగా అన్నం సయించడం లేదు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. ఇది ఉత్త డిప్రెషనా, బైపోలార్ జబ్బులో (దిగులు, మితిమీరిన ఉద్రేకం వంతులుగా వచ్చే జబ్బు) వచ్చే దిగులా అన్నది ఆ పూట చూసి తేల్చడం డాక్టర్‌కైనా కష్టమే. దిగులు రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. వీటిని విడదీయడానికి వైద్యులకే వందేళ్లు పట్టింది.

1850ల్లో పారిస్‌లో ఫాల్రే, బయార్జే అనే ఇద్దరు డాక్టర్లు ఉద్రేకం, దిగులు ఒకే మనిషికి వంతులుగా వస్తున్నాయని గమనించారు. ముందు కనిపెట్టింది ఎవరని 1854లో వాదులాడుకున్నారు కూడా. ఆ తర్వాత 1899లో జర్మనీలో క్రేపెలిన్ అనే సైకియాట్రిస్టు ఉద్రేకం ఉన్నవాళ్లనీ, మళ్లీ మళ్లీ దిగులు మాత్రమే వచ్చేవాళ్లనీ 'మానిక్ డిప్రెసివ్' అనే ఒకే గంపలో వేశాడు. ఆయన మాటకున్న బరువు వల్ల అర్ధ శతాబ్దానికి పైగా అదే నడిచింది.

1957లో లియోన్‌హార్డ్ అనే జర్మన్ సైకియాట్రిస్టు ఆ గంపను విప్పి, ఉద్రేకం కూడా వచ్చేవాళ్లనీ, దిగులు మాత్రమే వచ్చేవాళ్లనీ విడదీశాడు. 1966లో ఆంగ్స్ట్, పెరిస్ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారుగా రోగుల కుటుంబాలను పరిశీలించారు. బైపోలార్ ఉన్నవాళ్ల రక్తసంబంధీకుల్లో ఆ జబ్బే ఎక్కువగా కనిపించింది. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథంలోకి బైపోలార్ అన్న పేరు ఎక్కింది. 2013 నాటి కూర్పులో రెండింటికీ వేర్వేరు అధ్యాయాలు వచ్చాయి.

ఇది పేర్ల గొడవ కాదు, మందుల విషయం. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ మాత్రలు మాత్రమే ఇస్తే కొందరిలో ఉద్రేకం ఎగదన్నుతుంది. వాళ్లకు ముందు మూడ్‌ను నిలబెట్టే మందు కావాలి. అలాంటి మందే లిథియం. అది ఉద్రేకాన్ని తగ్గిస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ 1949లోనే రాశాడు. అది వాడేటప్పుడు రక్తంలో దాని మోతాదు, కిడ్నీలు, థైరాయిడ్ పరీక్షించుకుంటూ ఉండాలి.

మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. దిగులుకు ఆసుపత్రికి వస్తాం, ఉత్సాహానికి ఎవరొస్తారు? వారం రోజులు సరిగ్గా నిద్రపోకుండా, అలసట లేకుండా రోజూ అలిపిరి మెట్లు ఎక్కి దిగితే భక్తి అంటాం. ఉన్నట్టుండి మామిడితోట అమ్మి మూడు వ్యాపారాలు మొదలుపెడితే హుషారు అంటాం. హుషారంతా జబ్బు కాదు. నిద్ర తగ్గినా శక్తి తగ్గకపోవడం, ఆగని మాటలు, లెక్కలేని ఖర్చు, ఎప్పుడూ లేని చిరాకు కలిసి కనీసం వారం ఉంటే మానియాగా, అంటే పైన చెప్పిన ఉద్రేకంగా, అనుమానించాలి. నాలుగు రోజులుండి, తీవ్రత తక్కువైతే హైపోమానియా. అది ఇంట్లోవాళ్లకే తెలీకుండా పోతుంది.

అందుకే డాక్టర్ ముందు ఇప్పటి దిగులుతో పాటు అలాంటి పాత రోజుల సంగతి, ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉండేదా అన్నదీ చెప్పాలి. రోగికి అది గుర్తుండకపోవచ్చు, తప్పనీ తోచకపోవచ్చు. పక్కన వచ్చిన అమ్మో, అన్నో, భార్యో చెప్పాల్సిందే. ఆసుపత్రి దాకా రావడానికి టెన్షన్‌గా ఉంటే ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి మాట్లాడొచ్చు.