ఎంపీ కావడానికి వయసొక్కటే చాలా? 1949లో మొదలైన వాదన

పోయిన లోక్‌సభ ఎన్నికలప్పుడు మా చుట్టుపక్కల నియోజకవర్గాల అభ్యర్థుల అఫిడవిట్లు ఓపిగ్గా చదివాను. ఆ అఫిడవిట్ రాసిచ్చే ఫారం 26లో వృత్తి ఏమిటో రాయడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించినవి మూడే మాటలు: వ్యవసాయం, వ్యాపారం, సమాజ సేవ. వ్యవసాయం అని రాసినవాళ్లలో ఎరువుల షాపు ముందు లైన్లో నిలబడ్డది ఎవరో, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మాత్రమే ఉన్నది ఎవరో ఆ కాగితం చూస్తే తెలియదు. ఓటేసేవాడికి తెలియాల్సింది మాత్రం అదే.

చట్టాలు చేసేవాళ్లకి బయటి ప్రపంచంలో పనిచేసిన అనుభవం ఉండాలా అన్న ప్రశ్న మన రాజ్యాంగమంత పాతది. 1949 మే 18న రాజ్యాంగ సభలో పార్లమెంటు సభ్యుల అర్హతల మీద అంబేద్కర్ కొత్త అధికరణం ప్రతిపాదించారు. ఓటరైతే చాలదు, సభలో చేయాల్సిన పనికి కొంత జ్ఞానం, లోకవ్యవహారాల్లో ఆచరణలో వచ్చిన అనుభవం కావాలి అని ఆయన వాదన. మాట బాగుంది, కానీ దాన్ని చట్టంలో ఎలా రాయాలి? చివరికి అనుభవాన్ని వయసుతో కొలిచారు. లోక్‌సభకు 25 ఏళ్లు, రాజ్యసభకు 35 ఏళ్లు అని ముసాయిదాలో పెట్టారు.

అప్పుడు లేచింది మన దుర్గాబాయి (ఇంకా దేశ్‌ముఖ్ కాలేదు). 35ను 30 చేయండి, తెలివి వయసుని బట్టి రాదు అని సవరణ పెట్టి నెగ్గించుకుంది, ఇవాళ రాజ్యసభకు 30 ఏళ్లే ఉండటానికి కారణం అదే. ఆ మాట అనే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. రాజమండ్రిలో చిన్నపిల్లగా ఉండగానే ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది, టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, బయటికొచ్చి చదువు, ఆంధ్ర మహిళా సభ, మద్రాసులో లాయరుగా ప్రాక్టీసు, ఇవన్నీ అయ్యాకే రాజ్యాంగ సభ. అప్పటికింకా నలభై నిండని మనిషి జీవితంలో ఇంత ఉన్నప్పుడు వయసు దేనికి కొలత?

అదే ఏడాది నవంబర్ 26న, రాజ్యాంగాన్ని ఆమోదించే రోజున, రాజేంద్ర ప్రసాద్ తన బాధ చెప్పుకున్నారు. చట్టాన్ని అమలు చేసేవాళ్లకి పెద్ద పెద్ద అర్హతలు అడుగుతాం, చేసేవాళ్లకి ఎన్నికవడం తప్ప ఏమీ అడగం, ఇది పొసగదు అన్నారు. నిజమే. కానీ 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యత 18 శాతం చిల్లర. చదువు షరతు పెట్టి ఉంటే కూలీలు, కౌలు రైతులు, దాదాపు ఆడవాళ్లందరూ గేటు బయటే ఆగిపోయేవాళ్లు. పెట్టకపోవడమే సరైన పని అని నా గట్టి నమ్మకం.

రాజ్యాంగంలో అనుభవం అన్న మాట అసలు లేకపోలేదు, 80వ అధికరణంలో ఉంది. సాహిత్యం, శాస్త్రం, కళ, సమాజ సేవల్లో ప్రత్యేక జ్ఞానం గానీ ఆచరణ అనుభవం గానీ ఉన్నవాళ్లని రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేయాలి. అలా వచ్చేది 12 మందే.

మిగతా సభ సంగతి చూస్తే, మొదటి లోక్‌సభలో మూడో వంతుకు పైగా లాయర్లే. 2019 నాటికి లాయర్లు నాలుగు శాతానికి పడిపోయారు, రాజకీయ, సామాజిక సేవే తమ వృత్తి అని చెప్పుకున్నవాళ్లు దాదాపు 39 శాతానికి చేరారు. రాజకీయమే వృత్తి అయిపోయిందన్నమాట.

మధ్యలో మనకు కె.ఎల్. రావు గారు ఉన్నారు. కంకిపాడులో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేసి, కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో పనిచేసి, నాగార్జునసాగర్ డిజైన్ పనిలో తలమునకలైన ఇంజనీరు. 1962లో విజయవాడ నుంచి ఎంపీ, 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి. 1972లో 2,640 కిలోమీటర్ల గంగా–కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. నీళ్లు ఎత్తిపోయడానికి కావాల్సిన కరెంటు, ఖర్చు చూసి దాన్ని పక్కన పెట్టారు. అంటే అనుభవం ఉన్నవాడి లెక్క ప్రతిసారీ నెగ్గుతుందని కాదు. కానీ వాదన ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు, ఎంత కరెంటు అన్న దగ్గర జరిగింది. ఇవాళ నీళ్ల మీద మన నాయకుల గొడవల్లో నాకు కనపడనిది అదే.

1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు కొత్తగా టికెట్లు తెచ్చుకున్నారు, మరుసటి జనవరిలో గెలిచారు కూడా. అంటే ఇది జనం ఒప్పుకోని వ్యవహారం కాదు, పార్టీ తలుచుకుంటే అవుతుంది. అడ్డం పడేది డబ్బు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితే ఇప్పుడు 95 లక్షలు, అసలు ఖర్చు ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. 2019లో అరకులో గెలిచిన గొడ్డేటి మాధవి 26 ఏళ్ల పీఈటీ టీచరు. అలాంటివాళ్లు అరుదు, ఆమెకు కూడా నాన్న దేముడు గారు మాజీ ఎమ్మెల్యే.

ఎలాగోలా సభలోకి వెళ్లినా 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఉంది. పార్టీ విప్‌కి, అంటే ఇలాగే ఓటేయాలన్న ఆదేశానికి, ఎదురు ఓటేస్తే సీటు పోతుంది. డాక్టరు ఎంపీ అయినా ఆరోగ్య బిల్లు మీద పార్టీ చెప్పినట్టే చెయ్యెత్తాలి. ఇక అనుభవం ఎక్కడ పనికొస్తుంది?

చట్టంతో షరతు పెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2015లో హర్యానా పంచాయతీ ఎన్నికలకు పదో తరగతి తప్పనిసరి చేసింది, మహిళలకు, దళితులకు కొంత తగ్గించి. సుప్రీంకోర్టు డిసెంబర్ 10న దాన్ని సమర్థించింది. సర్పంచ్‌కి పదో తరగతి కావాలి, ఎంపీకి అక్కర్లేదు! రాజస్థాన్ కూడా అలాంటి షరతే పెట్టి 2019లో ఎత్తేసింది. ఇల్లు, పొలం, పశువులు అన్నీ నడిపిన యాభై ఏళ్ల ఆడమనిషి ఆ షరతు ముందు అనర్హురాలు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

అందుకే నేను అడిగేది షరతు కాదు, దారి. మన దగ్గర ప్రభుత్వ టీచరు పోటీ చేయాలంటే ఉద్యోగానికి రాజీనామా చేయాలి, ఓడిపోతే ఇంట్లో కూర్చోవాలి. పిల్లల ఫీజులు, ఇంటి లోను ఉన్నవాళ్లెవరు ఆ సాహసం చేస్తారు? జర్మనీ రాజ్యాంగం 48వ అధికరణం పోటీ చేసే అభ్యర్థికి ప్రచారానికి సెలవు హక్కుగా ఇస్తుంది, ఎంపీ అయ్యాడని ఉద్యోగంలోంచి తీసేయకూడదని కూడా రాసింది. మనం ముందు అడగాల్సింది అది.