కొబ్బరినూనె గడ్డకట్టే ఊరి నుంచి బ్యాటరీ గడ్డకట్టే ఊరికి

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ ఇళ్లలో కొబ్బరినూనె సీసా ఎండలోకి వస్తుంది. 24 డిగ్రీల దగ్గర ఆ నూనె గడ్డకడుతుంది కాబట్టి, పొద్దున్నే తలకు రాసుకోవాలంటే సీసాని కాసేపు ఎండలోనో వేడినీళ్ల చెంబులోనో పెట్టాలి. చలి గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఆ సీసాలోనే ఉంది. చలి పెరిగేకొద్దీ వస్తువులు ఊరికే చల్లబడవు. ఒక్కో పదార్థానికి ఒక్కో గీత ఉంటుంది. ఆ గీత దాటితే దాని గుణమే మారిపోతుంది. కొబ్బరినూనెకి ఆ గీత 24 దగ్గరుంటే, మామూలు టైరు రబ్బరుకి 7 దగ్గర, నీళ్లకి సున్నా దగ్గర, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకి మైనస్ 10 దగ్గర ఉంటుంది.

హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అంటే ఇక్కడ పెరిగిన మనిషైనా, ఇక్కడ తిరిగిన కారైనా మొదటి గీత తప్ప మిగతావాటిని దాదాపుగా ఎరగవు. అమెరికాలోని మినియాపొలిస్‌లో జనవరి రాత్రుల సగటు మైనస్ 13. షికాగోలో 1985 జనవరి 20న మైనస్ 32.8 దాకా పడిపోయింది. ఆగస్టులో శంషాబాద్‌లో విమానమెక్కి చదువుకో ఉద్యోగానికో అటు వెళ్లి, నెలలోపే పాత కారు కొనుక్కునే మన పిల్లలకి సిద్ధపడడానికి మిగిలేది అక్టోబరు ఒక్కటే. మొదటి మంచు పడిన రోజు టైర్ల షాపుకి వెళ్తే అప్పటికే పెద్ద క్యూ ఉంటుంది.

ముందుగా బ్యాటరీ సంగతి చూడాలి. చలికాలం పొద్దున కారు కదలకుండా మొండికేయడానికి ఎక్కువసార్లు కారణం అదే. సీసం పలకలకీ సల్ఫ్యూరిక్ యాసిడ్‌కీ మధ్య జరిగే రసాయనిక చర్య నుంచి కరెంటు పుడుతుంది. చలికి ఆ చర్య మందగిస్తుంది. మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి సగానికి సగం పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజినాయిలు చిక్కబడి, సెల్ఫ్ మోటారు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు అడుగుతుంది. రాబడి సగమైన నెలలోనే ఖర్చు పెరిగినట్టన్నమాట.

అందుకే చలిదేశాల్లో బ్యాటరీ కొనేటప్పుడు లేబుల్ మీద సీసీఏ అనే అంకె చూస్తారు. మైనస్ 18 డిగ్రీల దగ్గర, 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టులకి తగ్గకుండా 30 సెకన్లపాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. కారు మాన్యువల్‌లో చెప్పిన సీసీఏకి తక్కువది కొనకూడదు. ఉన్న బ్యాటరీని పరీక్షించాలంటే, కారు రాత్రంతా ఆగి ఉన్నాక మల్టీమీటరు పెట్టి చూడాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12.4 కన్నా తక్కువుంటే చార్జింగ్ పెట్టాలి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించాలి. అమెరికాలో చాలా ఆటో పార్ట్స్ షాపులు ఆ టెస్టు ఉచితంగానే చేస్తాయి.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. బ్యాటరీని దెబ్బతీసేది ఎండ, దెబ్బ బయటపడేది చలిలో. మన మే నెల లాంటి వేడిలో బ్యాటరీ లోపలి పలకలు తొందరగా తుప్పుపడతాయి. పైకి ఏమీ తెలియదు. డాలస్‌లో మూడు వేసవులు గడిపిన కారుని షికాగోకి తెచ్చుకుంటే, డాలస్‌లో ఎన్నడూ ఇబ్బంది పెట్టని బ్యాటరీ షికాగోలో మొదటి చలి రాత్రికే చేతులెత్తేయవచ్చు.

బ్యాటరీ గడ్డకట్టడం కూడా నిజమే. నిండుగా చార్జి ఉన్నప్పుడు అందులోని యాసిడ్ మైనస్ 50 దాటినా ద్రవంగానే ఉంటుంది. చార్జి అయిపోయేకొద్దీ యాసిడ్ పలచబడి నీళ్లలాగా అవుతుంది. అప్పుడు మైనస్ 10 ప్రాంతంలోనే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బిన బ్యాటరీకి జంపర్ కేబుల్ తగిలించవద్దు, పేలిపోయే ప్రమాదం ఉంది. ఉబ్బు లేని, ఊరికే డౌన్ అయిన బ్యాటరీకి కేబుల్ తగిలించడంలో ఒక వరస ఉంది. ఎర్ర కేబుల్ ఒక కొస మొదట డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస డౌన్ అయిన కారు ఇంజినులో రంగు లేని లోహం ముక్కకి. చివరి కొసని బ్యాటరీకి దూరంగా పెట్టమనడానికి కారణం, ఆ తగిలింపు దగ్గర నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతూ ఉంటుంది.

ఇంజినాయిలు డబ్బా మీద 5డబ్ల్యు-30 అని ఉంటే, అందులో డబ్ల్యు అంటే వింటర్. ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ నూనె అంత పలచగా ఉంటుంది. 15డబ్ల్యు నూనెని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యుని మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యుని మైనస్ 35 దగ్గర. మన దగ్గర పాత డీజిల్ బళ్లలో పోసే 15డబ్ల్యు-40 హైదరాబాద్‌కి చక్కగా సరిపోతుంది, కెనడాలోని విన్నిపెగ్‌లో అది బెల్లం పాకమే. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ప్రకారం, చలి ముదరకముందే ఆయిల్ మార్పించుకోవాలి. కెనడా మైదానాల్లో, మినెసోటాలో కొన్ని కార్ల ముందు గ్రిల్ నుంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. అది ఎలక్ట్రిక్ కారు కాదు. ఇంజిను బ్లాకుని వెచ్చబెట్టే హీటరు తీగ అది. స్టార్ట్ చేయడానికి రెండు మూడు గంటల ముందు టైమరుతో వెలిగేలా పెట్టుకుంటే చాలు. ఆ ప్రాంతాల్లో పాత కారు కొనేటప్పుడు ఆ తీగ ఉందా, పనిచేస్తోందా అని అడగండి. స్టార్ట్ అయ్యాక పావుగంట నిలబెట్టి ఉంచక్కర్లేదు. అద్దాలన్నీ శుభ్రం చేసుకుని, ఓ నిమిషం ఆగి, మొదటి ఐదారు కిలోమీటర్లు యాక్సిలరేటరు గట్టిగా తొక్కకుండా నడిపితే ఇంజిను ఇంకా త్వరగా వెచ్చబడుతుంది.

రేడియేటరు విషయంలో మన అలవాటే శత్రువు. ఎండాకాలంలో కూలెంట్ తగ్గితే మంచినీళ్లు పోసి సరిపెట్టే పద్ధతి అక్కడ పనికిరాదు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుంది. ఫ్రీజరులో మరిచిపోయిన నీళ్ల సీసా పగిలినట్టే ఇంజిను బ్లాకు పగులుతుంది, అది మామూలు రిపేరుతో పోయేది కాదు. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెండూ కలిసినప్పుడే ఒకదాని అణువులు రెండోదాన్ని స్ఫటికంగా పేర్చుకోనివ్వవు. తియ్యగా ఉండే ఈ ద్రవం విషం. కింద పడితే పిల్లలు, కుక్కలు నాకకముందే తుడిచేయాలి.

టైర్ల దగ్గర డబ్బు ఆదా చేయవద్దు. మామూలు, అంటే ఎండకాలపు టైరు 7 డిగ్రీల కింద బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోలేదు. చలికాలపు టైరు రబ్బరు మైనస్ 20లో కూడా మెత్తగానే ఉంటుంది. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉందేమో చూడండి. మంచు మీద పరీక్షించి ఇచ్చే గుర్తు అది. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో, అంటే బురద, మంచు) అని రాసి ఉంటే, అది టైరు గాడుల ఆకారం గురించి చెప్పే మాట మాత్రమే. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. నాలుగూ మార్చాలి. ముందు రెండే మారిస్తే బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనకవి జారతాయి, కారు బొంగరంలా తిరుగుతుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్లకి తగ్గితే మంచులో పని చేయదు.

గాలి సంగతీ ఉంది. 20 డిగ్రీల షెడ్డులో 33 పీఎస్ఐ కొట్టించిన టైరు, మైనస్ 15లో రాత్రి నిలబడితే 27కి దిగుతుంది. పంక్చరేమీ కాలేదు, లోపలి గాలి కుంచించుకుపోయింది. ప్రతి 5, 6 డిగ్రీల చలికి ఒక పీఎస్ఐ పోతుందని గుర్తుపెట్టుకుని, కారు కదలకముందే, చల్లటి టైరులో కొలిచి నింపాలి. మంచులో పట్టు దొరుకుతుందని కావాలని గాలి తీసే వాళ్లున్నారు. రోడ్డు మీద నడిపే కారుకి అది తప్పు.

ముందు అద్దం కడిగే నీళ్లలో షాంపూ కలిపి పోసే అలవాటు కూడా ఇక్కడే వదిలేసి వెళ్లాలి. నడుస్తున్న కారు అద్దం మీద అవి క్షణంలో మంచుపొరగా మారి దారి కనిపించకుండా చేస్తాయి. మైనస్ 29 దాకా పనిచేస్తుందని రాసిన వాషర్ ద్రవం దొరుకుతుంది. అందులో మిథనాల్ ఉంటుంది, అదీ విషమే. అద్దం మీద పేరుకున్న మంచుని ప్లాస్టిక్ గీకుడుబద్దతో గీకాలి. వేడినీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. లోపలి పొగమంచుకి మందు మనకి వానాకాలంలోనే తెలుసు. ఏసీ వేయాలి, అయితే వేడి గాలితో కలిపి. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటను ఆపేయాలి. రాత్రి తడి మంచులో ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగితే అది గడ్డకట్టి పొద్దున వదలకపోవచ్చు. సమతలమైన చోట ఆపి గేరుని పార్క్ (పి)లో ఉంచితే సరిపోతుంది.

ఇక రోడ్డు. 50 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు తొక్కాక సుమారు 14 మీటర్లలో ఆగే కారు, గట్టిపడిన మంచు మీద 40 మీటర్లు, నున్నటి మంచుగడ్డ మీద 100 మీటర్ల దాకా పోతుంది. నాలుగు చక్రాలకీ శక్తి అందే బండి కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. మంచుకాలంలో కందకాల్లో పడి కనిపించే ఎస్‌యూవీలకి కారణం ఇదే. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకు గట్టిగా తొక్కి పట్టి ఉంచాలి. కాలి కింద పెడల్ వణికితే భయపడి వదలొద్దు, అది పనిచేస్తున్న చప్పుడే. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి ఫ్లైఓవరుని ఊహించుకోండి. కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా చల్లగాలే. అందుకే మిగతా రోడ్డు తడిగా ఉన్నప్పుడే వంతెనల మీద కంటికి ఆనని పలచటి మంచుపొర (బ్లాక్ ఐస్) తయారవుతుంది. మైనస్ 10 కింద ఉప్పు కూడా పెద్దగా కరిగించదు. ఆ ఉప్పే కారు అడుగుభాగాన్ని తినేస్తుంది కాబట్టి, రెండు వారాలకోసారి కింద నుంచి నీళ్లు కొట్టించడం మానొద్దు.

మనిషి విషయానికొస్తే, కోఠీలో కొనుక్కెళ్లాల్సినవీ ఉన్నాయి, అక్కడే కొనాల్సినవీ ఉన్నాయి. థర్మల్స్, ఉన్ని మేజోళ్లు, మంకీ క్యాప్ ఇక్కడే తీసుకోండి. చెవులనీ చెంపలనీ ఒకేసారి కప్పే మంకీ క్యాప్ నిజంగా మంచి సాధనం. బరువైన జాకెట్టూ బూట్లూ మాత్రం అక్కడ కొనాలి. ఒంటికి తగిలే పొర కాటన్ బనియన్ కాకూడదు. కాటన్ చెమటని పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. పాలియెస్టరో సన్నటి ఉన్నో లోపల, ఫ్లీసు మధ్యలో, గాలిని ఆపేది పైన. ఒకే మందపాటి కోటు కన్నా మూడు పొరలు నయం, ఎందుకంటే వెచ్చదనాన్ని నిలబెట్టేది పొరల మధ్య ఇరుక్కున్న గాలి. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు తొడిగితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. పసిపిల్లలని కారు సీటులో ఉబ్బు జాకెట్టుతో కట్టొద్దు. గుద్దుకున్నప్పుడు జాకెట్టు నలిగి పట్టీ వదులవుతుంది. పట్టీ బిగించాక జాకెట్టు పైన కప్పండి.

మైనస్ 18లో గంటకి 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా ఉంటుంది, బయట ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. ఈ లెక్క కారుకి వర్తించదు. గాలి కారుని త్వరగా చల్లబరుస్తుందే తప్ప మైనస్ 18 కన్నా కిందకి దించలేదు. చర్మం తెల్లగా పాలిపోవడం మంచుకాటుకి గుర్తు అని అక్కడి కరపత్రాలు చెబుతాయి. మన చామనఛాయ చర్మం మీద అది బూడిదరంగులా కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు కూడా. స్పర్శ పోవడం, చర్మం మైనంలా గట్టిపడడం నమ్మదగిన గుర్తులు. రుద్దొద్దు. 37 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పెట్టి, వైద్యులకి చూపించాలి. పిల్లల్ని చూడడానికి వెళ్లిన అమ్మానాన్నలని మంచు ఎత్తిపోయనివ్వొద్దు. చలికి రక్తనాళాలు బిగిసిన వేళ ఆ శ్రమ గుండెకి ప్రమాదం.

డిక్కీలో ఒక దుప్పటి, మడతపెట్టే పార, టార్చి, జంపర్ కేబుళ్లు, ఐదు కిలోల ఇసుక, పల్లీ చిక్కీలు, ఒక ఎర్రగుడ్డ ఉండాలి. పెట్రోలు సగం టాంకుకి తగ్గనివ్వకూడదు. మంచుతుఫానులో ఇరుక్కుపోతే కారు దిగి నడవొద్దు. నాలుగడుగుల దూరం కూడా కనిపించని గాలిలో దారి తప్పడం తేలిక. 2022 డిసెంబరులో అమెరికాలోని బఫలో ఊళ్లో వచ్చిన మంచుతుఫానులో చనిపోయినవాళ్లలో కార్లలోనూ, ఆరుబయటా దొరికినవాళ్లున్నారు. గంటకి పది నిమిషాలు మాత్రమే ఇంజిను ఆడించాలి. ప్రతిసారీ దిగి సైలెన్సరు చివర మంచు మూసుకుపోలేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలా కమ్ముతుంది. గాలి వీచని వైపు కిటికీ అద్దం ఒక వేలెడు దించాలి. ఎర్రగుడ్డని యాంటెనాకో తలుపు పిడికో కట్టి, చేతులూ కాళ్లూ ఆడిస్తూ, సాయం వచ్చేదాకా లోపలే ఉండాలి.