సీ ఫ్యాన్ల పేర్ల వెనుక మూడు వందల ఏళ్ల తగువు

2001 జులైలో కేంద్ర ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో కొన్ని సముద్రజీవులను చేర్చింది. దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, వాటి పక్కనే ‘సీ ఫ్యాన్లు, గోర్గోనియన్లన్నీ’. పులి ఉన్న షెడ్యూలులోకే, విసనకర్రలా కొమ్మలు పరిచే ఈ సముద్రజీవి కూడా వచ్చి కూర్చుంది. అంతకుముందు మన్నార్ సింధుశాఖలో వీటిని ఏరి, ఎండబెట్టి ఎగుమతికి అమ్మేవారు. ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేయడం మంచిదే. చిక్కల్లా ‘గోర్గోనియన్లు’ అనే మాటతోనే. జీవుల వర్గీకరణలో ఆ పేరుతో ఉన్న క్రమాన్ని (ఆర్డర్) అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే పక్కన పెట్టేశారు. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఉంగరంలోని పగడం దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

సంస్కృతంలో ప్రవాళమంటే పగడం, చిగురు కూడా. సముద్రంలో కొమ్మలు వేసి పెరిగేది మొక్క కాక మరేమిటనే అనుమానం ఒక్క మనదే కాదు. 1706లో మార్సిలీ అనే ఇటలీ పండితుడు, అప్పుడే పైకి తీసిన ఎర్ర పగడాన్ని సముద్రపు నీటిలో ఉంచితే దాని ఒంటి నిండా తెల్లటి పూలు విచ్చుకోవడం చూశాడు. ఒక్కో పూవుకు ఎనిమిది రేకులు. ఇక పగడం మొక్కేనని తీర్మానించాడు. ఇరవై ఏళ్లు తిరగకుండానే మార్సే వైద్యుడు పేసొనెల్ అవే పూలను తాకి చూశాడు. అవి ముడుచుకున్నాయి. పూలు కావవి, పురుగులని పారిస్ అకాడమీకి రాశాడు. 1727లో అకాడమీ సభ్యుడు రియోమూర్ ఆ సంగతిని సభ ముందు పెట్టాడు గానీ పేసొనెల్ పేరు చెప్పలేదు. ఇంత విడ్డూరమైన మాట అన్నవాడి పరువు కాపాడాలన్నది ఆయన ఉద్దేశం! 1740లలో, చూడ్డానికి మొక్కలా ఉండే హైడ్రా అనే మంచినీటి జంతువు మీద ట్రెంబ్లే చేసిన పరిశోధనలు వెలువడ్డాకే రియోమూర్ తన తప్పు ఒప్పుకున్నాడు.

ఆ ఎనిమిది ‘రేకులు’ నిజానికి పాలిప్ (పగడపు కాలనీలోని ఒక్కో చిన్న జీవి) నోటి చుట్టూ ఉండే స్పర్శకాలు. ఒక్కోదానికి ఈకలా రెండు వైపులా సన్నటి పాయలు ఉంటాయి. ఎర్ర పగడం, సీ ఫ్యాన్లు, మెత్తటి ఒంటి సాఫ్ట్ కోరళ్లు, ఈక కలంలా నిలబడే సీ పెన్‌లు అన్నీ ఈ ఎనిమిది స్పర్శకాల వంశమే. 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ దీనికి ఆక్టోకోరాలియా అని పేరు పెట్టాడు. మనం ‘పగడపు దిబ్బ’ అనే దాన్ని ప్రధానంగా కట్టేవి మాత్రం ఆరు లెక్కన స్పర్శకాలుండే రాతి పగడాలు. అంటే నవరత్నాల్లోని పగడానికి పగడపు దిబ్బ కన్నా సీ ఫ్యానే దగ్గరి చుట్టం.

వంశం తేలింది గానీ అందులో ఎవరెవరన్నది తేలలేదు. 1758లో లిన్నేయస్ సీ ఫ్యాన్లకు గోర్గోనియా అని పేరు పెట్టినప్పుడు ఆధారం ఎక్కువగా ఎండిన నమూనాల ఆకారమే. ఆకారాన్ని నమ్మితే మునిగినట్టే. ఒకే జాతి ప్రవాహం ఉన్నచోట చదునుగా విసనకర్రలా, లేనిచోట గుబురుగా పెరగవచ్చు. సాఫ్ట్ కోరల్ అయితే నీళ్లు నింపుకొని ఉబ్బినప్పుడు ఒకలా, ముడుచుకున్నాక ఇంకొకలా ఉంటుంది. సీసాలోకి చేరేసరికి రంగు కూడా మిగలదు.

19వ శతాబ్దం మధ్యలో వాలెన్సియెన్, ఆ తర్వాత కోలికర్ అనే శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. ఈ జీవుల కండలో సున్నపు కణికలు ఉంటాయి. వాటినే స్క్లెరైట్లు అంటారు. చిన్న ముక్కను బ్లీచ్‌లో వేస్తే కండ కరిగి ఇవి అడుగున మిగులుతాయి. మైక్రోస్కోపు కింద కొన్ని కదురుల్లా, కొన్ని గదల్లా, మరికొన్ని ముళ్ల డంబెల్స్‌లా కనిపిస్తాయి. ఈ పని చేసేవారికి ఇప్పటికీ ఇదే అక్షరాభ్యాసం. అయితే కాలనీ పైపొరలో ఒక రకం ఉంటే లోపల, మొదలు దగ్గర ఇంకో రకం ఉంటుంది. సైనులేరియా అనే సాఫ్ట్ కోరల్ మొదలు భాగం చూడకుండా జాతి పేరు చెప్పడం దాదాపు అసాధ్యం. పైకొన మాత్రమే తుంచి తెచ్చినవారి శ్రమ సగం వృథా. ఈ కణికలను ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తుంటే విసిగి, బేయర్, గ్రాస్‌హాఫ్, వెర్సెవెల్ట్ అనే ముగ్గురు నిపుణులు కలిసి 1983లో మూడు భాషల పదకోశమే అచ్చు వేశారు.

గోర్గోనియన్ల క్రమానికి తెర దించింది కూడా అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన ఈ ఫ్రెడరిక్ బేయరే. కాలనీ లోపల గట్టి ఇరుసు ఉంటే సీ ఫ్యాన్, లేకుంటే సాఫ్ట్ కోరల్ అనే గీత మధ్యరకం జీవుల దగ్గర చెరిగిపోతోందని, 1981లో ఆయన అన్నింటినీ ఆల్సియొనేసియా అనే ఒకే క్రమంలో కలిపేశాడు. మన షెడ్యూలు ఆ తర్వాతిదే.

జాతి పేరు తప్పితే ఏమవుతుందో రసాయన శాస్త్రవేత్తలను అడగాలి. 1969లో ఫ్లోరిడా తీరపు ప్లెక్సారా హోమోమల్లా అనే గోర్గోనియన్‌లో ప్రోస్టాగ్లాండిన్లు (హార్మోన్లలా పని చేసే పదార్థాలు) దొరికినప్పుడు మందుల కంపెనీలు అటు పరుగెత్తాయి. ఆ కాలంలో అవి బంగారం కన్నా అరుదు. తీరా చూస్తే ఫ్లోరిడా నమూనాలోది శరీరంలో పని చేయని రూపం. కరీబియన్‌లో మరోచోట అదే పేరున్న జీవిలో పనికొచ్చే రూపం దొరికింది. పేరు ఒకటే అయినా సరుకు వేరన్నమాట. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) రసాయన శాస్త్రవేత్తలు సాఫ్ట్ కోరళ్ల నుంచి ఎన్నో పదార్థాలను వేరుచేశారు. అలాంటి ప్రతి పత్రంలోనూ పదార్థం పక్కన ఒక జాతి పేరు ఉంటుంది. ఆ పేరు సరైనది కాకపోతే అదే పదార్థం కోసం మళ్లీ సముద్రంలో దిగేవాడికి దారి తప్పుతుంది.

డీఎన్ఏ వచ్చాక అంతా తేలిపోతుందనుకున్నారు. తేలలేదు. ఇతర జంతువుల్లో జాతిని పట్టిచ్చే మైటోకాండ్రియా జన్యువు వీటిలో మరీ నిదానంగా మారుతుంది. దానితో పక్కపక్క జాతులను విడదీయడం చాలాసార్లు కుదరదు. వీటి మైటోకాండ్రియాలో డీఎన్ఏ తప్పులను దిద్దే కుటుంబానికి చెందిన జన్యువు ఒకటి ఉంది. మందగమనానికి అదే కారణమని చాలామంది అనుమానం. చివరకు జన్యుసముదాయంలోని వందల భాగాలను ఒకేసారి పోల్చి, 2022లో మెక్‌ఫాడెన్, వాన్ ఓఫ్‌వెగన్, క్వాట్రిని మొత్తం వంశాన్ని తిరగరాశారు. రెండే క్రమాలు, 79 కుటుంబాలు. లిన్నేయస్ గోర్గోనియా ఇప్పుడు మెత్తటి సైనులేరియాతో ఒక క్రమంలో ఉంది. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం సీ పెన్‌లతో, నీలి పగడంతో రెండో క్రమంలో చేరింది. సీ ఫ్యాన్లని మనం పిలిచేవి రెండింటిలోనూ ఉన్నాయి.

ఇక పాత పేర్లన్నింటినీ ఈ కొత్త చెట్టుకు అతికించాలి. ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే నౌక హిందూ మహాసముద్రంలో సేకరించిన ఆక్టోకోరళ్లను 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో జంతుశాస్త్రవేత్త థామ్సన్, సహచరులు వర్ణించారు. మన జలాల జీవుల పేర్లు ఎన్నో ఆ సంపుటాల నుంచి వచ్చినవే. ఇలాంటి పాత నమూనాలతో ఒక బెడద ఉంది. ఫార్మలిన్‌లో ఉంచితే డీఎన్ఏ చెడుతుంది, దాని ఆమ్లానికి స్క్లెరైట్లూ కరుగుతాయి. అలాంటప్పుడు అదే చోట మళ్లీ వెతికి కొత్త ముక్క తేవాలి. అది సీ ఫ్యాన్ అయితే, పేరు తేల్చడం కోసం వేలెడు కొమ్మ తుంచాలన్నా ముందుగా వన్యప్రాణి చట్టం కింద అనుమతి తీసుకోవాలి.